అవ్వ పెట్టిన రాయి

పోయిన నెల మా ఊరి యువకులు కొందరు ఇంటికి వచ్చి, ఊరి చరిత్ర మీద సభ పెడుతున్నామని, అరవైతొమ్మిది నాటి మొదటి తెలంగాణ ఉద్యమాన్ని కళ్ళారా చూసి ఇంకా మాట్లాడగలిగే ముసలిదాన్ని నేనొక్కదాన్నేనని, తప్పకుండా రావాలని అన్నారు. ఆ మాటకు పొంగిపోయాను. నా ఈడువాళ్ళలో సగంమంది పోయారు, ఉన్నవాళ్ళకు పళ్ళు లేవు. నాకు పళ్ళూ ఉన్నాయి, నోరూ ఉంది. వెళ్ళి మైకు ముందు నిలబడి మా వారపు అంగడి రాళ్ళ సంగతి చెప్పాను. "మా ఊళ్ళో ఒకరు పెట్టిన రాయిని ఇంకొకరు ముట్టిన పాపాన పోలేదు. రజాకార్ల రోజుల్లో ముట్టలేదు, ఉద్యమంలోనూ ముట్టలేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నా బాధంతా అదే. శాలువాతో ఇంటికి వచ్చి, కోడలు వడ్డించిన అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. తల తిరుగుతోందని చెప్పి లేచాను. సభలో చెప్పకుండా మింగేసిన మాట ఒకటి ఉంది. సిగ్గు పడుతూనే ఇక్కడ చెబుతున్నాను.

మాది మరీ పల్లె కాదు, పట్నమూ కాదు. అంగడి ఉంది కాబట్టి ఊరయింది. మా నాయినను కన్నతల్లి, మా అవ్వ, చెప్పేదాని ప్రకారం ఒకప్పుడు ఉప్పు బండ్లవాళ్ళు అటుగా పోతూ మా మోటబావి దగ్గర ఎడ్లను విప్పేవారట. నీళ్ళకు ఆగినవాళ్ళ దగ్గర మా వాళ్ళు ఉప్పు తీసుకున్నారు, మా వాళ్ళ దగ్గర వాళ్ళు చింతపండు తీసుకున్నారు. అట్లా వారానికొక రోజు కుదిరింది. కోటలాంటి దొర గడి కూడా ఆ తర్వాతే కట్టారని అవ్వకు మహా గొప్ప. "దొర మనకు అంగడి ఇయ్యలే బిడ్డా. అంగడి ఉన్నదని దొర వచ్చిండు" అనేది. దొర వినకుండా అనేదనుకోండి.

అంగడినాడు తెల్లారేసరికి ఊరు వాసనలతో లేచేది. మిరపకాయల ఘాటుకు వాడంతా తుమ్ములే. ఎడ్ల పేడ, ఎండుచేపలు, బెల్లం, అప్పుడే కాల్చిన కుండలు, గానుగ నూనె, అన్నీ కలిసి ఒకటే వాసన. మరిపెడ దిక్కు నుంచీ, నర్సింహులపేట దిక్కు నుంచీ బండ్లు దిగేవి. తండాల ఆడవాళ్ళు కట్టెమోపులతో, నేతి గురుగులతో, తమ భాషలో గలగలా మాట్లాడుకుంటూ వచ్చేవారు. వాళ్ళ మాటలు నాలుగైదు అవ్వకు కూడా వచ్చు. అవి అనగానే వాళ్ళు పకపకా నవ్వేవారు. తప్పు మాటలేవో అంటోందని నాకు అనుమానం, కానీ అవ్వ మానలేదు.

మా ఇంట్లో భట్టీ ఉండేది. ఇనుప కడాయిలో ఇసుక కాగబెట్టి జొన్నలు పోస్తే పటపటా పేలి తెల్లగా విచ్చుకునేవి. పుట్నాలు, ప్యాలాలు, బెల్లం పట్టించిన ఉండలు, ఇవే మా జీవనం. అంగడికి పోయిన తల్లి ఉత్త చేతులతో వస్తే పిల్లలు ఊరుకోరు కదా, ఇంటిదారి పట్టేముందు చివరగా అందరూ కొనేవి మా ప్యాలాలే. అందుకే మా జాగ అంగడి మొగదల, బయటికి పోయే దారి పక్కన ఉండేది. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ, అమ్మ, అన్న, నేను ఆ జాగ మీదే బతికాం.

ఇక రాళ్ళ సంగతి. అంగడి లేని రోజుల్లో ఆ మైదానం ఖాళీగా పడి ఉండేది, రాళ్ళు తప్ప. ఎవరి జాగలో వాళ్ళ రాయి. కుమ్మరివాళ్ళది ఎర్రరాయి, తండావాళ్ళది తెల్లటి పలుగురాయి, చింతపండు అమ్మే అతనిది పగిలిన ఇసుర్రాయి ముక్క, మాది మసిబట్టిన నల్లరాయి. కాగితం లేదు, పటేలు సంతకం లేదు. రాయి ఉంటే జాగ ఉన్నట్టే. రజాకార్ల భయంతో చాలాకాలం అంగడి కూడలేదట. మళ్ళీ కూడినప్పుడు ఎవరి రాయి దగ్గర వాళ్ళు వచ్చి కూర్చున్నారట, నిన్న లేచిపోయినట్టుగా.

దీనికి ఇంకొక కట్టుబాటు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు తమ రాయి తాము పెట్టుకోకూడదు. అంగడిలో అప్పటికే రాయి ఉన్నవాళ్ళెవరో తమ ఇంటి నుంచి రాయి తెచ్చి, తమ చేత్తో పెట్టాలి. అంటే ఈ మనిషికి నేను పూచీ అన్నట్టు. తీయాల్సి వస్తే కూడా పెట్టిన చెయ్యే తీయాలి. మిగతావాళ్ళు ముట్టరు. మేం పిల్లలం మాత్రం ముట్టేవాళ్ళం. ఒకసారి నేనూ నా సావాసగాళ్ళూ చింతపండు అతని ఇసుర్రాయిని తలకిందులు చేసి పెట్టాం. అతను అంగడినాడు వచ్చి చూసి, మూట కూడా దించకుండా ఎండలో నిలబడిపోయాడు. అవ్వ పోయి రాయిని సరిచేస్తే గానీ కూర్చోలేదు. ఆ సాయంత్రం అవ్వ చీపురు తిరగేసింది. నా వీపు ఇప్పటికీ మరిచిపోలేదు.

అట్లాంటి అంగడిలోకి ఆమె వచ్చింది. కోస్తాలో కృష్ణా తీరం నుంచి రోడ్డు పనికి వచ్చిన మేస్త్రీ భార్య. పని చేస్తుంటే బండరాయి పడి అతని కాలు నలిగింది. గుత్తేదారు వాళ్ళను వదిలేసి తన దారిన తను పోయాడు. గానుగ వెనక ఒక గదిలో ఇద్దరూ ఉండిపోయారు. ఆమె మా అవ్వ దగ్గరికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు కానీ, మా అరుగు మీద కూర్చుని "పిన్నిగారూ, నాకు పునుగులు వెయ్యడం వచ్చండీ. ఇంకేమీ రాదు" అనడం మాత్రం గుర్తుంది. పునుగులంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. అవ్వ భట్టీ పక్కన పడి ఉన్న ఒక పొయ్యిరాయిని ఎత్తి, కడిగి, అంగడి మొగదల మా రాయికి పక్కనే పెట్టింది. "గీ జాగ నీదే బిడ్డా. నీ జోలికి ఎవ్వరు రారు" అన్నది.

ఎవ్వరూ రాలేదు, తినడానికి తప్ప. పులిసిన పిండిని చేత్తో వదులుతుంటే నూనెలో గుండ్రంగా తేలి ఎర్రబడేవి. మోదుగాకు దొన్నెలో వేసి పైన అల్లం పచ్చడి పెట్టేది. నోట్లో వేసుకుంటే కాలేది, కాలినా ఆగలేకపోయేవాళ్ళం. విరిగినవీ, తోకలు వచ్చినవీ నాకు ఊరికే ఇచ్చేది. బదులుగా అవ్వ ఆమె కొంగులో ప్యాలాలు పోసేది. ఆమె మాట రేడియోలో మాటలా ఉండేది. నేను వెనక నిలబడి "ఏవండీ, ఇలా రండి" అని వెక్కిరిస్తే కోప్పడేది కాదు. తను కూడా "గట్లనా బిడ్డా?" అని మా మాట పలకబోయి, సాగదీసి, తనే నవ్వేది.

తర్వాత ఉద్యమం వచ్చింది. పిల్లలకు అది పండగ. బడి మూసేశారు, ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. ఊరేగింపు ఎక్కడుంటే మేమక్కడ. జై తెలంగాణ అని గొంతు బొంగురుపోయేదాకా అరిచి, ఇంటికి వచ్చి బెల్లం నీళ్ళు తాగేవాళ్ళం. పెద్దవాళ్ళకు అది పండగ కాదు. మా అన్న వరంగల్లో కాలేజీ చదివేవాడు. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది వాడే. అక్కడ ఒక ఆంధ్రా పంతులు అందరి ముందూ వాడిచేత పాఠం చదివించి, "నువ్వు మాట్లాడేది తెలుగేనా" అని నవ్వాడట. చదువు అయ్యాక వస్తుందనుకున్న నౌకరీ ఎక్కడివాళ్ళకో పోతుందని ముందే తెలిసిపోయింది. ఆ కోపం న్యాయమైంది. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఒకరోజు అన్న తలకు కట్టుతో ఇంటికి వచ్చాడు. పోలీసు లాఠీ తగిలింది. దవాఖానలో కుట్లు వేశారు. టింక్చర్ వాసన ఇల్లంతా నిండింది. అవ్వ వాడిని మంచంలో పడుకోబెట్టి, పాదాలు పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ "నా మన్మడు దెబ్బకు ఎన్కకు పోలేదట" అని చెప్పింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. పునుగులామె కూడా కాఫీ కాచి తెచ్చింది. అన్న గోడవైపు తిరిగాడు. అమ్మే ఆ కాఫీ తీసుకుని లోపల పెట్టింది.

రెండు మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నంపూట అన్న స్నేహితులు వచ్చారు. మంచి పిల్లలు, మా ఊరివాళ్ళే. అవ్వ ఇచ్చిన నీళ్ళు తాగి, కాసేపు నిలబడి, వాళ్ళలో పెద్దవాడు మొదలుపెట్టాడు.

"అవ్వా, మొగదల ఆంధ్రామె రాయి నువ్వే పెట్టినవట గదా."

"పెట్టిన. ఏంది గిప్పుడు?"

"తియ్యాలె అవ్వా. ఊరూరా ఎల్లగొడ్తాన్రు. మేం గట్ల చెయ్యం. ఆమెను ఒక్క మాట అనం, గిన్నె కూడ ముట్టం. మనకు కట్టుబాటున్నది. పెట్టిన చెయ్యే తియ్యాలె."

అవ్వకు కోపం వచ్చింది. "ఆమె మీ నౌకర్లు గుంజుకున్నదార? పునుగులు ఏసెటందుకు గూడ ఈడోల్లమని ముల్కీ కాయితం గావాల్నా? కాలిరిగినోడ్ని పెట్టుకొని ఆమె ఏడికి పోతది?"

పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్ళు అట్లాగే వెళ్ళిపోయేవాళ్ళేమో. మంచంలోంచి అన్న గొంతు వినిపించింది. "అవ్వా, నా ఇంటి రాయి మీద ఆమె కూసుంటే, రేపు నేను గీల్ల ముంగట ఎట్ల తలెత్తాలె? ఈ దెబ్బ ఎందుకు తిన్నట్టు?"

అవ్వ వాడి తల కట్టు వైపు చూసింది. కట్టు మీద చిన్న మరక కనబడుతోంది. ఆమెకు ఆ క్షణాన లోకంలో ఆ మరక తప్ప ఇంకేమీ కనిపించలేదని నేననుకుంటాను. నాకూ మనవళ్ళున్నారు, నేనేం వేరుగా చేసేదాన్నో చెప్పలేను. అవ్వ ఆ పిల్లలతో "పోండ్రి కొడుకా, నేను జూస్త" అన్నది.

ఇదీ మా ఊరివాళ్ళ గొప్పతనం. అంత కోపంలోనూ మా పిల్లలు కట్టుబాటు తప్పలేదు. ఎవరూ ఆమె మీద చెయ్యి వేయలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు, బండ ఒకటి విసరలేదు. పద్ధతిగా వచ్చి, పద్ధతిగా అడిగారు. పద్ధతిగా చేస్తే తప్పు కాదని మేమందరం నమ్మాం.

అంగడికి ముందురోజు ఎండ దిగాక, అవ్వ నన్ను వెంట తీసుకుని మైదానానికి పోయింది. ఆమె మోకాళ్ళు వంగేవి కావు. "జర అటు దిక్కు పట్టు బిడ్డా" అన్నది. ఇద్దరం ఎత్తాం. రాయి కింద మట్టి తడిగా ఉంది, ఎర్రచీమలు బయటికి వచ్చాయి. తట్టలో పెట్టి, పైన అవ్వ తన కొంగు కప్పింది. ఎవరు చూస్తారని కప్పిందో! దారిలో కనిపించినవాళ్ళందరికీ తట్టలో ఏముందో తెలుసు. అయినా ఎవరూ అడగలేదు. ఇంటికి తెచ్చి, మళ్ళీ భట్టీ పక్క పొయ్యికి మూడో రాయిగా ఆనించింది.

తెల్లవారి ఆమె ఎప్పటిలాగే వచ్చింది. ఒక చేతిలో పొయ్యి, నెత్తిమీద పెద్ద గిన్నె నిండా పిండి. తన జాగ దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. నేలలో రాయి ఉన్నంతమేర గుంట కనిపిస్తోంది. కుండలవాళ్ళు కుండలు సర్దుకుంటున్నారు. చింతపండు అతను మూట విప్పుతూ విప్పుతూ ముడి మీదే ఉండిపోయాడు. అమ్మ పుట్నాలు చెరుగుతోంది, వాటిలో చెరగడానికి ఏమీ లేకపోయినా.

ఆమె నేరుగా మా అవ్వ దగ్గరికి వచ్చింది. ఇది చెప్పడానికే నాకు నోరు రాదు. ఊళ్ళో ఇంతమంది ఉండగా మా అవ్వ దగ్గరికే వచ్చి, కాస్త నవ్వుతూ, "పిన్నిగారూ, ఎవరో నా రాయి తీసేశారండీ. పిల్లలై ఉంటారు. మీరు మళ్ళీ ఒకటి పెడుదురూ" అన్నది.

అవ్వ చేతిలోని సోలతో ప్యాలాలు కొలిచి మళ్ళీ తట్టలోనే పోసింది. మళ్ళీ కొలిచింది. ఆమె నిలబడే ఉంది. చివరికి అవ్వ తల ఎత్తకుండా "అంగడి ఎన్కటి తీరుగ లేదు బిడ్డా" అన్నది.

ఆమెకు అర్థమైంది. మొహంలో నవ్వు పోవడానికి కొంచెం టైము పట్టింది. నేను అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తున్నాను. అరుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. మా వాడలో అట్లాంటిది జరిగితే ఎంత రభస అయ్యేదో నాకు తెలుసు. ఆమె పిండి గిన్నెను అవ్వ పక్కన దించింది. "రాత్రే రుబ్బానండీ. రేపటికి పులిసిపోద్ది. మా ఇద్దరికి ఇంత ఎందుకు? మీరు వేసుకోండి, పిల్లలున్న ఇల్లు" అని, పొయ్యి ఎత్తుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అంగడి మెల్లగా మొదలైంది. ఆ రోజు బేరం బాగానే సాగింది.

సాయంత్రం గిన్నె ఇంటికి తెచ్చాం. పారబోద్దామని అమ్మ అన్నది. పిండిని పారబోసే అలవాటు మా ఇంట్లో లేదు. అవ్వే పొయ్యి ముట్టించి, నూనె కాచి, ఆమె చేసినట్టే చేత్తో పిండి వదిలింది. మొదటి వాయి ముద్దలు ముద్దలుగా వచ్చాయి. తర్వాత చెయ్యి కుదిరింది. మేం తిన్నాం. నేను తిన్నాను, అమ్మ తిన్నది, ఆ పిండి ఎవరిదో తెలిసీ అన్న మంచం మీద కూర్చుని తిన్నాడు, మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. కొన్నాళ్ళుగా అన్నం సహించని పిల్లవాడు తింటున్నాడని అవ్వ మొహం తేటపడింది. నేను దొన్నె లేదని కంచంలో వేసుకుని, అమ్మ నూరిన పచ్చడి అంచున అంటితే అది కూడా నాకాను. చాలా బాగున్నాయి.

మరునాడు అమ్మ ఆ గిన్నెను బూడిదతో తళతళా తోమి నా చేతికిచ్చి, ఇచ్చి రమ్మంది. తను పోలేక నన్ను పంపిందని ఇప్పుడు తెలుస్తోంది. గానుగ వెనక గది ముందు ఒంటెద్దు బండి ఆగి ఉంది. ఆమె భర్త అప్పటికే ఎక్కి, కాలు చాపుకుని కూర్చున్నాడు. రెండు మూటలు, ఒక రుబ్బురోలు, అంతే సామాను. నేను గిన్నె అందించి పారిపోదామనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పునుగులు ఎలా వచ్చాయే?"

"మంచిగచ్చినయి."

"లోపల పిండి పచ్చిగా లేదు కదా?"

"లేదు. ఉడికింది."

"మీ అన్నయ్య తిన్నాడా? పాపం, దెబ్బలు తగిలినోడు."

"తిన్నడు. మల్ల అడిగి ఏసుకున్నడు."

ఆమె మొహం విప్పారింది. బండిలో ఉన్న భర్త వైపు తిరిగి, "విన్నారా, మళ్ళీ అడిగాడంట" అన్నది. గిన్నెను మూటలో దోపి, నా తల నిమిరి, బండెక్కింది. స్టేషను దారిలో బండి మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

తర్వాత ఆ జాగ కొన్ని వారాలు ఖాళీగా ఉంది. మా అమ్మ గోనెపట్టా మెల్లమెల్లగా అటు జరిగింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అన్నకు చాలా ఏళ్ళకు చిన్న నౌకరీ దొరికింది. అవ్వ బతికినన్నాళ్ళు పునుగులామె మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఎన్నో ఏళ్ళకు, రెండో ఉద్యమం తర్వాత రాష్ట్రం వచ్చిన రోజున నేను వీధిలోకి వచ్చి అందరితోపాటు ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైంది. అందులో నాకు ఏ సిగ్గూ లేదు.

సిగ్గంతా ఆ బండి దగ్గరిది. ఆమె తిట్టి ఉంటే నేనూ మనసులో తిరిగి తిట్టి, ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆమెకు మా మీద కోపం లేదని అనను, ఎందుకు ఉండదు? కానీ తన పిండి మా ఇంట్లో బాగా వచ్చిందని విన్నప్పుడు ఆమె పడ్డ సంతోషం నా కళ్ళతో చూశాను. ఊళ్ళో ఆమెకు కూర్చునే చోటు లేకుండా చేసి, ఆమె వండి అమ్ముకోవాల్సింది మేం వండుకుని కడుపునిండా తిని, చాలా బాగుందని చెప్పి పంపాం.